కొండగాలియా, రక్తములోని ఇనుమా?

గత శీతకాలములో మా ప్రాంతపు ఉన్నత పాఠశాల ఒకదానిలో ఆటల పోటీలు జరిగినవి. పందెములలో కాలము చూచే పనికి నన్ను పిలిచినారు. ఆ మైదానములో చుట్టు 200 మీటర్లే కనుక, 400 మీటర్ల పందెమునకు రెండు చుట్లు తిరగవలెను. బాలికల పందెములో తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె మొదటి చుట్టులో అందరికంటె ముందున్నది. మూడవ మలుపు తిరుగుతుండగా కాళ్లు బరువెక్కినట్లు నెమ్మదించినది. గీత చేరకుండానే కూర్చుండి పోయినది. "ఒట్టి బద్ధకమండి, సాధన చేయదు" అన్నారు పక్కనున్నవారు ఒకరు. నిజము చెప్పవలెనంటే, నేను కూడ అట్లే అనుకొన్నాను.

పోటీలు ముగిసిన తరువాత పిల్లలతో మాట్లాడుతుండగా పదవ తరగతి కుర్రవాడు లేచి, "మాస్టారూ, కెన్యావాళ్లు కొండలమీద పుడతారు గదండి, అందుకే గెలుస్తారు. మనది వరిచేల నేల. మనకు పరుగెక్కడ వస్తుందండి?" అని అడిగినాడు.

ఒకటి బద్ధకమనే మాట, రెండవది నేల తీరనే మాట. ఈ రెండు మాటలు శాస్త్రము ముందు నిలబడగలవా? అది పరిశీలించడమే ఈ వ్యాసము ఉద్దేశము.

మన నేలమీది పరుగు

ముందుగా కుర్రవాని ప్రశ్నను తీసుకొందాము. దానికి జవాబు దూరదేశములో వెదకనక్కరలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో మార్టేరు అనే ఊరున్నది. వరి పండించే రైతులకు ఆ పేరు బాగా తెలుసు. అక్కడి వరి పరిశోధన కేంద్రము నుండి వచ్చిన వంగడములకు ఎం.టి.యు. అనే గుర్తు ఉంటుంది. ఆ అక్షరములు మార్టేరు పేరు నుండి తీసినవే. ‘స్వర్ణ’ అని పేరుపొందిన ఎం.టి.యు. 7029 వంగడము అక్కడిదే.

ఆ ఊరిలోనే 1983 లో సత్తి గీత పుట్టినారు. 2004 లో ఏథెన్స్ ఒలింపిక్ క్రీడలలో మన దేశపు మహిళలు నలుగురు 4 × 400 మీటర్ల రిలే పందెమును 3 నిమిషముల 26.89 సెకన్లలో ముగించి, జాతీయ రికార్డును నెలకొల్పినారు. ఆ నలుగురిలో గీత ఒకరు. తక్కిన వారు కె. ఎం. బీనామోల్, చిత్ర కె. సోమన్, రాజ్విందర్ కౌర్. ఆ జట్టు చివరి పందెమునకు చేరి ఏడవ స్థానము పొందినది. 2006 లో దోహా ఆసియా క్రీడలలో ఇదే రిలేలో బంగారు పతకము గెలిచిన జట్టులోను గీత ఉన్నారు.

మార్టేరుకు దగ్గరలోనే తణుకు ఉన్నది. ఆ ఊరికి చెందిన దండి జ్యోతికశ్రీ కూడ 400 మీటర్ల పరుగులోనే పేరు తెచ్చుకొన్నారు. 2023 లో బాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీలలో రిలే కాంస్య పతకము గెలిచిన జట్టులో ఆమె ఉన్నారు. 2024 మే నెలలో బహామా దీవులలోని నసావులో మన జట్టు 3 నిమిషముల 29.35 సెకన్లలో పరుగెత్తి పారిస్ ఒలింపిక్ క్రీడలకు అర్హత పొందినది. ఆ జట్టులోను, ఆగస్టులో పారిస్‌లో పరుగెత్తిన జట్టులోను జ్యోతికశ్రీ ఉన్నారు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చును. నసావు కాలమును నాలుగుతో భాగిస్తే, ఒక్కొక్కరికి రమారమి 52.3 సెకన్లు వస్తుంది. అంటే సెకనుకు ఏడున్నర మీటర్లకు పైబడిన వేగము. ఈ వేగముతో పరుగెత్తిన జ్యోతికశ్రీ ఊరు సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. గీత పుట్టిన ఊరు కూడ అంతే. చుట్టుపక్కల కొండలు లేవు, పలుచని గాలి లేదు. ఉన్నవి కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు.

చేతి రొక్కము, అప్పు, పంట

అయితే కెన్యావారి పరుగు, మన డెల్టా యువతుల పరుగు ఒక్క తీరువేనా? కాదు. తేడా తెలియవలెనంటే కండరము శక్తిని ఎట్లా సంపాదిస్తుందో చూడవలెను.

కండరము కదలడానికి కావలసిన శక్తి ఎ.టి.పి. అనే పదార్థము విరగడము వలన వస్తుంది. కండరములో నిలవ ఉన్న ఎ.టి.పి. రెండు మూడు సెకన్లకు మించి చాలదు. కనుక అది ఖర్చయినకొద్దీ మరల తయారు కావలెను. అందుకు మూడు మార్గములున్నవి. రైతు ఇంటి జమాఖర్చుతో పోల్చి వీటిని చెప్పుకొందాము.

మొదటిది చేతిలోని రొక్కము వంటిది. కండరములో క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థము కొంత ఉంటుంది. అది వెంటనే ఎ.టి.పి.ని తయారు చేస్తుంది. కాని నిండు వేగముతో పరుగెత్తితే పది సెకన్లలో చాలవరకు హరించిపోతుంది.

రెండవది అప్పు వంటిది. తిన్న అన్నములోని పిండిపదార్థము గ్లైకొజెన్ అనే రూపములో కండరములో నిలవ ఉంటుంది. ప్రాణవాయువు కోసము వేచి ఉండకుండా కండరము దీనిని విరిచి వేగముగా శక్తిని పొందగలదు. కాని ఈ పద్ధతిలో ఒక్క గ్లూకోజు అణువు నుండి నికరముగా రెండు ఎ.టి.పి. అణువులే లభిస్తవి. పైగా లాక్టేట్ పేరుకొంటుంది, కండరములో ఆమ్లగుణము పెరుగుతుంది. నొప్పికంతకు లాక్టిక్ ఆమ్లమే కారణమని పూర్వము చెప్పేవారు. ఇప్పుడు తెలిసినదేమంటే, లాక్టేట్ విషము కాదు. గుండె, ఇతర కండరములు దానిని ఇంధనముగా వాడుకొంటవి. కాళ్లు మొరాయించడానికి ఆమ్లగుణము, పోగుపడిన ఫాస్ఫేటు మొదలైన పెక్కు కారణములు కలిసి పనిచేస్తవి.

మూడవది పంట రాబడి వంటిది. ఊపిరితిత్తుల నుండి రక్తము మోసుకొని వచ్చిన ప్రాణవాయువుతో ఇంధనము పూర్తిగా దహనమవుతుంది. ఒక గ్లూకోజు అణువుకు రమారమి 30 ఎ.టి.పి. అణువులు లభిస్తవి. రాబడి గొప్పది, కాని నెమ్మదిగా అందివస్తుంది. పరుగు మొదలైన వెంటనే గుండె, ఊపిరి పూర్తి జోరు అందుకొనలేవు.

10,000 మీటర్ల పరుగు దాదాపు పూర్తిగా మూడవ మార్గము మీదనే నడుస్తుంది. 400 మీటర్ల పరుగులో రొక్కము, అప్పు రెండును ప్రధానము. అయినను అందులో కూడ నూటికి రమారమి 40 పాళ్ల శక్తి ప్రాణవాయువు మార్గముననే వస్తుందని కొలతల వలన తేలినది. ఈ 40 పాళ్లను పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాత అవసరమవుతుంది.

కొండమీది నుండి కళాశాలకు

ఇక కెన్యావారి సంగతి. దూరపు పరుగునకు హెన్రీ రోనో కథ మంచి ఉదాహరణ. ఆయన 1952 లో కెన్యాలోని నంది కొండల ప్రాంతమున, రమారమి 2,000 మీటర్ల ఎత్తున ఉన్న నేలలో పుట్టినారు. ఆ ప్రాంతమువాడే అయిన కిప్ కీనో 1968 లో ఒలింపిక్ స్వర్ణము గెలవడము రోనోకు ప్రేరణ అయినది. కొంతకాలము సైన్యములో పనిచేసి, ఆ తరువాత అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా చేరినారు. అక్కడి కళాశాలల జాతీయ పోటీలలో పొలము పరుగును 1976, 1977, 1979 సంవత్సరములలో గెలిచినారు.

1978 లో ఆయన చేసినది ఈనాటికిని ఆశ్చర్యము కలిగిస్తుంది. ఏప్రిల్ 8 న 5,000 మీటర్లు, మే 13 న 3,000 మీటర్ల స్టీపుల్ చేజ్, జూన్ 11 న 10,000 మీటర్లు, జూన్ 27 న 3,000 మీటర్లు. 81 రోజులలో నాలుగు ప్రపంచ రికార్డులు! కెన్యా 1976, 1980 ఒలింపిక్ క్రీడలను బహిష్కరించినందున ఆ వేదిక మీద పరుగెత్తే అవకాశము మాత్రము ఆయనకు రాలేదు. ఆయన 2024 లో మరణించినారు.

ఆయన 10,000 మీటర్ల కాలము 27 నిమిషముల 22.5 సెకన్లు. 400 మీటర్ల చుట్లు 25 కనుక, చుట్టుకు 65.7 సెకన్లు పడుతుంది. మన జట్టువారు ఒక్క చుట్టును 52 సెకన్లలో ముగించి రొక్కము, అప్పు ఖర్చు పెట్టి ఆగిపోతారు. రోనో 65.7 సెకన్ల చుట్టును 25 మార్లు ఆగకుండా తిరిగినారు. అది పంట రాబడి మీద బ్రతికే పరుగు.

ఒకే గాలి, రెండు ఫలితములు

కొండగాలి మహిమ ఎంతో తెలియడానికి 1968 నాటి మెక్సికో ఒలింపిక్ క్రీడలు మంచి ప్రయోగశాల వంటివి. మెక్సికో నగరము రమారమి 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలి పలుచన. అక్కడ 400 మీటర్లలో అమెరికా దేశీయుడు లీ ఇవాన్స్ 43.86 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినారు. పలుచని గాలి వేగముగా పోయేవానిని తక్కువగా అడ్డగిస్తుంది. కాని 10,000 మీటర్లను కెన్యా దేశపు నఫ్తాలి తెము గెలిచిన కాలము 29 నిమిషముల 27.4 సెకన్లు. అప్పటి ప్రపంచ రికార్డు 27 నిమిషముల 39.4 సెకన్లు. అంటే కొండమీద పుట్టినవారికి కూడ పలుచని గాలిలో దూరపు పరుగు నెమ్మదిస్తుంది. తక్కినవారు ఇంకను నెమ్మదించినందున ఆయన గెలిచినారు.

మరి ఎత్తయిన ప్రదేశము వలన లాభమేమి? ప్రాణవాయువు తక్కువైనప్పుడు మూత్రపిండములు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తవి. దాని ప్రేరణ వలన ఎముకల మూలుగలో ఎర్రకణములు అధికముగా పుడతవి. సముద్రమట్టమున ఉండేవారు కొన్ని వారములు ఎత్తున సాధన చేస్తే హిమోగ్లోబిన్ కొద్ది శాతము పెరుగుతుంది.

అయితే ఎత్తుతోనే అంతా తేలదు. అంత ఎత్తున ఉన్న దేశములు ప్రపంచములో ఇంకను ఉన్నవి. అవన్నియు రోనోలను తయారు చేయలేదు. స్వీడన్ దేశపు శరీర శాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్ 1990 దశకములో కెన్యా పరుగువారిని, స్కాండినేవియా పరుగువారిని పోల్చి చూచినారు. శరీరము వాడుకొనగల ప్రాణవాయువు గరిష్ఠ పరిమాణములో ఇరువురికి పెద్ద భేదము కనబడలేదు. కెన్యావారు అదే వేగమునకు తక్కువ ప్రాణవాయువు ఖర్చు పెడుతున్నారని తేలినది. సన్నని పిక్కల వలన ప్రతి అడుగునకు ఎత్తవలసిన బరువు తగ్గడము దీనికొక కారణమని చెబుతారు. కెన్యా బాలురను పరీక్షించినప్పుడు మరొక విషయము బయటపడినది. రోజూ బడికి నడిచి, పరుగెత్తి వెళ్లే బాలుర శక్తి, అట్లా వెళ్లని బాలుర శక్తికంటె చాల హెచ్చు. ఇరువురును పుట్టినది ఆ నేలమీదనే! పరుగు విజయమునంతటిని వివరించగల ఒక్క జన్యువు కూడ ఇంతవరకు దొరకలేదు.

రక్తపు లెక్క

కుర్రవాని ప్రశ్నకు సగము జవాబు వచ్చినది. ఇక ఆ అమ్మాయి సంగతి. పోటీలైన వారము రోజులకు ఆమెకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయించినారు. హిమోగ్లోబిన్ 100 మిల్లీలీటర్ల రక్తమునకు 9 గ్రాములున్నది. ఆ వయసు బాలికలకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు.

దీని అర్థము లెక్కలో చూద్దాము. ఒక గ్రాము హిమోగ్లోబిన్ రమారమి 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును పట్టగలదు. 13 గ్రాములున్న ఆరోగ్యవంతురాలి రక్తము 100 మిల్లీలీటర్లకు 17.4 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. 9 గ్రాములున్న అమ్మాయి రక్తము మోసేది 12.1 మాత్రమే. అంటే మూడింట ఒక వంతు వరకు లోటు.

ఇప్పుడు కెన్యాలో పరుగువారికి ప్రసిద్ధమైన ఇటెన్ అనే ఊరికి పోదాము. అది 2,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టపు ఒత్తిడిలో నాలుగింట మూడు వంతులే. అయినను హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువును పట్టుకొనే నేర్పు గొప్పది కనుక అది నూటికి రమారమి 92 పాళ్లు నిండుతుంది. 13 గ్రాములున్న అమ్మాయి అక్కడ నిలబడితే ఆమె రక్తములో 16 మిల్లీలీటర్ల ప్రాణవాయువు ఉంటుంది.

రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టండి. ఇటెన్ కొండమీది ఆరోగ్యవంతురాలికి 16. దట్టమైన గాలి గల మన డెల్టాలో నిలబడిన రక్తహీనురాలికి 12. కొండ లేకుండానే, కొండకంటె ఎక్కువ కష్టమును ఈ అమ్మాయి ప్రతిదినము మోస్తున్నది. కొండమీద ఉన్నవారి శరీరము ఎర్రకణములను పెంచుకొని ఆ కష్టమునకు ప్రతిఫలము పొందుతుంది. ఇనుము లేని శరీరమునకు ఆ హార్మోను పిలుపు అందినను కణములను కట్టడానికి ముడిసరకు ఉండదు.

400 మీటర్ల పరుగులో 40 పాళ్లు ప్రాణవాయువు మార్గమని గుర్తుంచుకొమ్మన్నాను. ఆ రాబడి తగ్గినప్పుడు శరీరము ముందుగానే అప్పు మీద పడుతుంది. మూడవ మలుపులో అప్పు పుట్టదు. కాళ్లు ఆగిపోతవి. అది బద్ధకము కాదు, రసాయన శాస్త్రము.

ఇనుము ఎక్కడ పోతున్నది?

మన శరీరములోని ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు, ఒక చిన్న మేకు బరువు. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి, బాలురలో 31 మందికి రక్తహీనత ఉన్నది.

కారణములు పెక్కు. ఎదిగే వయసులో ఇనుము అవసరము హెచ్చు. బాలికలకు నెలనెలా కొంత రక్తము పోతుంది. అన్నము పరుగునకు కావలసిన పిండిపదార్థమును చక్కగా ఇస్తుంది. కనుక అన్నము తినేవారు పరుగెత్తలేరనే మాట తప్పు. కాని మరపట్టి తెల్లగా చేసిన బియ్యములో ఇనుము స్వల్పము. ఆకుకూరలలో ఉన్న ఇనుము కూడ పూర్తిగా ఒంటబట్టదు. భోజనముతో టీ త్రాగితే ఇంకను తగ్గుతుంది. నిమ్మరసము, ఉసిరి వంటి పులుపు చేరితే పెరుగుతుంది. చేప, మాంసములలోని ఇనుము సులభముగా ఒంటబడుతుంది.

తేమ నేలలలో మరొక దొంగ ఉన్నాడు. అది కొంకిపురుగు. మలముతో మలినమైన తడిమట్టిలో చెప్పులు లేకుండా నడిచేవారి పాదముల చర్మము గుండా లోపల ప్రవేశించి, చిన్నప్రేవులలో చేరి రక్తము పీల్చుతుంది.

ఉపాధ్యాయులు చేయదగినది

తరగతిలో ఒక ప్రయోగము చేయించవచ్చును. విద్యార్థి కూర్చొని ఒక నిమిషము నాడి లెక్క పెట్టవలెను. మూడు నిమిషములు ఒక మెట్టు ఎక్కి దిగవలెను. వెంటనే ఒకసారి, తరువాత నిమిషమునకు ఒకసారి చొప్పున నాడి చూచి గీతపటము గీయవలెను. సాధన ఉన్నవారి గీత త్వరగా క్రిందికి దిగుతుంది. కొన్ని వారములు పరుగు సాధన చేసి మరల గీస్తే శరీరము మారిన తీరు వారికే కనబడుతుంది. ఆయాసపడేవారిని, తల తిరుగుతుందనేవారిని ఈ ప్రయోగములో పాల్గొనమని బలవంతపెట్టరాదు.

క్రింది రెప్ప లోపలి భాగము, గోళ్లు, నాలుక పాలిపోయి ఉన్న పిల్లలను, తరగతిలో ఊరకనే అలసిపోయేవారిని గమనించి రక్తపరీక్షకు పంపవలెను. రక్తహీనతకు ఇనుము లోటు ఒక్కటే కారణము కాదు. కొందరికి విటమినుల లోటు, కొందరికి వంశపారంపర్యమైన రక్తదోషము ఉండవచ్చును. కనుక చికిత్స వైద్యుని పని.

వారమునకొక ఇనుము మాత్ర మాత్రము బడి పని. 2018 లో ప్రారంభమైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమములో 10 నుండి 19 ఏండ్ల వారికి వారమునకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గల మాత్రను నిర్ణయించినారు. పురుగుల నివారణకు ఆల్బెండజోల్ మాత్రలు కూడ బడులలో ఇస్తున్నారు. మాత్ర మింగితే కడుపులో తిప్పుతుందని, మలము నల్లగా వస్తుందని పిల్లలు భయపడి పారవేయడము మనకు తెలియనిది కాదు. నలుపు రంగు వాడబడని ఇనుమే, హాని లేదు. భోజనము చేసిన తరువాత వేసుకొంటే తిప్పడము తగ్గుతుంది. ఈ రెండు మాటలు చెప్పి, మన ఎదుట మింగించవలెను. కిటికీ బయట పడిన మాత్ర రక్తములోనికి చేరదు.

ఆ అమ్మాయి వైద్యుడు చెప్పినట్లు కొన్ని నెలలు మందు వాడినది. మొన్న కనబడినప్పుడు పందెముల మాట ఎత్తలేదు. "మేడ మెట్లెక్కితే ఇప్పుడు ఆయాసం రావడం లేదండి" అన్నది. నాకు అదే చాలుననిపించినది.

కుర్రవానికి చెప్పవలసిన జవాబు కూడ అందులోనే ఉన్నది. రోనోకు కొండ ఉన్నది. కాని కొండతోపాటు ప్రతిదినము చేసిన పరుగు ఉన్నది, కళాశాలలో శిక్షణ ఉన్నది. మార్టేరు, తణుకు యువతులకు కొండ లేదు, అయినను పరుగు ఆగలేదు. కొండను మనము తెచ్చుకొనలేము. ఇనుమును తెచ్చుకొనగలము. ఈసారి మీ మైదానములో ఎవరైన మూడవ మలుపులో కూర్చుండిపోతే, బద్ధకమనే ముందు వారి క్రిందిరెప్పను ఒకసారి చూడండి.